ఫ్లెక్సా, రేకా, స్టీలు అక్షరాలా? జనం తిరిగే చోట బోర్డు పెట్టించే ముందు

ఉప్పల్ వైపు ఉన్న మా కాలనీ సంఘంలో బోర్డుల పని నా మీద పడి ఆరేళ్ళయింది. కమాన్ మీద పేరు, పార్కు వేళలు, కమ్యూనిటీ హాలుకి దారి, మోటారు రూము తలుపు మీద హెచ్చరిక, ఇలా ఇప్పటికి ముప్పై నలభై చేయించి ఉంటాను. అందులో ఓ పదింటిని మళ్ళీ చేయించాల్సి వచ్చింది. అపార్ట్‌మెంటో, గుడో, స్కూలో, చిన్న ఆసుపత్రో, ఎక్కడైనా బోర్డు పెట్టించే పని మీకు తగిలితే ఏది తీసుకోవాలో, ఏది ఎందుకు వద్దో నాకు తెలిసినంతలో చెబుతాను.

షాపులో అడుగు పెట్టగానే "ఎన్ని అడుగులు సార్? ఫ్లెక్సా, ఏసీపీనా?" అంటారు. దానికి జవాబు చెప్పేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకుని వెళ్ళాలి. ఈ బోర్డు ఎవరు చూస్తారు, ఎక్కడ నిలబడి చూస్తారు, చూశాక ఏం చేయాలి. ఇవి తేలితే మెటీరియల్ ఏదో సగం తేలినట్టే.

మా కమ్యూనిటీ హాలు సంగతే చూడండి. హాలు ముఖద్వారం మీద ఎనిమిదడుగుల బోర్డు పెట్టించాం. పెళ్ళిళ్ళకీ బారసాలలకీ వచ్చేవాళ్ళు మాత్రం మెడికల్ షాపు మూల దాకా వచ్చి, అక్కడ రెండుగా చీలే రోడ్డులో ఎడమకు తిరిగి, గుడి వెనకాల తేలేవాళ్ళు. "హాలెక్కడండీ" అని ఒకటే ఫోన్లు. అంత పెద్ద బోర్డూ హాలు దాకా వచ్చినవాళ్ళకే కనపడుతుంది. వాళ్ళకు ఇక దానితో పనేముంది? చివరికి మెడికల్ షాపు మూలకు ఇరవై అడుగుల ముందే ఒక పైపు పాతి, అడుగున్నర రేకు మీద పేరూ బాణమూ రాయించాం. ఫోన్లు ఆగిపోయాయి. దానికైన ఖర్చు పెద్ద బోర్డు ఫిట్టింగ్ చార్జీ అంత కూడా లేదు.

అప్పటినుంచి బోర్డుకి ముందు నడక పెట్టుకున్నాం. దారి తెలియని మనిషి ఒకణ్ణి గేటు దగ్గర వదిలి, ఫలానా చోటికి వెళ్ళమని చెప్పి, వెనకాలే నడవాలి. మాకు మా బావమరిది దొరికాడు. మనం నోరు విప్పకూడదు. అతను ఎక్కడ కాలు ఆపి తల తిప్పితే అక్కడ సుద్దముక్కతో గీత. బోర్డు ఆ గీత దగ్గర కాదు, దానికి పది పదిహేను అడుగుల ముందు రావాలి, మనిషి నడుస్తూనే చదువుకునేలా. బండి మీద వచ్చేవాళ్ళకైతే ఇంకా ముందు. హైదరాబాదు పాత ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు లెక్కన వేసినవి, ఒక గల్లీ నంబరు చూసి పక్క గల్లీ ఎటో పోల్చుకోవడం కుదరదు. ఫోనులో మ్యాపు గేటు దాకా తెచ్చి వదిలేస్తుంది. ఆ తర్వాత దారి చూపాల్సింది మన రేకే.

తేదీ ఉందా, లేదా

ఇక మెటీరియల్. నేను పాటించే లెక్క చిన్నది: చెప్పే విషయంలో తేదీ ఉంటే ఫ్లెక్స్, తేదీ లేకపోతే రేకు. వినాయక నిమజ్జనం, బతుకమ్మ, హెల్త్ క్యాంపు, నీళ్ళు రాని రోజు, వీటికి ఫ్లెక్సుని మించింది లేదు. పొద్దున ఫైలు పంపితే సాయంత్రానికి చేతికొస్తుంది, చదరపు అడుగు పదుల రూపాయల్లో అయిపోతుంది. పేరుకి, దారికి, వేళలకి, నిషేధాలకి మాత్రం అది వద్దు.

కారణం మన ఎండ. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్ళో పడమటి గోడకి కట్టిన ప్రింటు ఎంతకాలం ఆగుతుంది? పోయేటప్పుడు కూడా రంగులన్నీ ఒకేసారి పోవు. ఎరుపు, పసుపు ముందు వెలిసిపోతాయి, నీలం, నలుపు మిగులుతాయి. మా ఖాళీ ప్లాటు గోడకి ఒకసారి "దయచేసి ఇక్కడ చెత్త వేయ వద్దు" అని ఫ్లెక్స్ కట్టాం. గట్టిగా చెప్పినట్టుంటుందని "వద్దు" ఒక్కటే ఎర్రగా వేయించారు. ఆలోచన నాదే. రెండో ఎండాకాలం దాటేసరికి "దయచేసి ఇక్కడ చెత్త వేయ" అని మాత్రమే మిగిలింది. జనం అలాగే వేశారు.

గాలి ఇంకో బాధ. వానలకు ముందు వచ్చే ఈదురుగాలికి కమాన్ మీది ఫ్లెక్స్ తెరచాపలా ఉబ్బి, తాడు కట్టే ఐలెట్ల దగ్గర చిరుగుతుంది. గాలి పోవడానికి కట్టేవాళ్ళు మధ్య మధ్య అర్ధచంద్రాకారంలో కోతలు పెడతారు. అవి సరిగ్గా అక్షరాల మీదే పడతాయి. పండగ అయిపోయాక దించిన ఫ్లెక్స్ మా కూరగాయలామె బండి మీద కప్పుగా మరో రెండేళ్ళు బతుకుతుంది, అది వేరే విషయం. తగలబెట్టకండి, అది పీవీసీ, పొగ మంచిది కాదు.

"ఫ్లెక్స్ కన్నా గట్టిది, ఏసీపీ కన్నా చవక" అంటూ షాపువాళ్ళు సన్‌బోర్డు అనే నురగ ప్లాస్టిక్ షీటు చూపిస్తారు. గది లోపల, వరండాలో, రిసెప్షన్ దగ్గర బాగానే ఉంటుంది. ఎండ తగిలే చోట పెడితే అప్పడంలా వంగుతుంది. యాక్రిలిక్ కూడా లోపలి సరుకే అనుకోండి. తలుపు మీద పేరుకి అందంగా ఉంటుంది, కానీ ఎదురుగా కిటికీ ఉంటే అక్షరాలకు బదులు కిటికీయే కనిపిస్తుంది. తీసుకుంటే మెరుపు లేని మ్యాట్ రకం అడగండి.

రేకు మీద పెయింటా, ఏసీపీ మీద స్టిక్కరా

బయట ఏళ్ళ తరబడి ఉండాల్సినవాటికి అసలు పోటీ ఈ రెండింటి మధ్యే.

ఏసీపీ అంటే రెండు పలచటి అల్యూమినియం పొరల మధ్య ప్లాస్టిక్ పెట్టి అతికించిన షీటు. మూడు మిల్లీమీటర్లదీ నాలుగుదీ దొరుకుతాయి. చిన్న బోర్డుకి మూడు చాలు, మూడడుగులు దాటితే నాలుగు తీసుకుని వెనకాల చదరపు పైపు ఫ్రేము వేయించండి. తుప్పు పట్టదు, తుడిస్తే శుభ్రమవుతుంది. దాని మీద అతికించే వినైల్ ప్రింటుకి లామినేషన్ ఉందో లేదో బిల్లు కట్టకముందే అడగాలి. అది లేకపోతే ఫ్లెక్సుకి పట్టిన గతే దీనికీ పడుతుంది. డబుల్ టేపుతో గోడకి అతికిస్తామంటే ఒప్పుకోకండి, మే నెలలో జిగురు మెత్తబడి జారుతుంది. స్క్రూలు పెట్టాల్సిందే.

పెయింటు రేకుకి ఆర్టిస్టు దొరకాలి. ఒకప్పుడు ప్రతి బస్తీకీ ఒకరిద్దరు ఉండేవాళ్ళు, ఇప్పుడు వెతకాల్సి వస్తోంది. దొరికితే మాత్రం వదలొద్దు. చేతితో రాసిన తెలుగు గుండ్రదనం ఫాంటుకి రాదు, ఇది నా పక్షపాతమే అనుకోండి. పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. పార్కు వేళ మారితే ఏసీపీ మీద కొత్త స్టిక్కరు చేయించాలి, రేకు మీదైతే అర్ధగంటలో అంకె దిద్దేస్తాడు. జాగ్రత్త పడాల్సింది కింది పూత దగ్గర. జింకు పూత ఉన్న జీఐ రేకు మీద నేరుగా ఎనామిల్ కొడితే ఏడాదికల్లా పొరలు పొరలుగా లేస్తుంది, ఎందుకంటే జింకు మీద ఆ రంగు పట్టు నిలవదు. దానికి పనికొచ్చే వాష్ ప్రైమర్ వేరే ఉంది. మామూలు ఇనుప రేకుకి రెడ్ ఆక్సైడ్ వేస్తే చాలు. రేకు ఏదో తెలియకుండా "ప్రైమర్ కొట్టించాం సార్" అంటే నమ్మకండి.

నాలుగైదు మాటల్లో అయిపోయే బోర్డైతే పెయింటు రేకుకే నా ఓటు. వేళలు, నిబంధనలు, మ్యాపు లాంటి చిన్న అక్షరాల పని ఉంటే ఏసీపీ.

స్టీలు అక్షరాల మోజు

కొత్తగా కట్టిన ప్రతిదానికీ ఇప్పుడు స్టీలు అక్షరాలు కావాలంటారు. పేరుకి హుందాగా ఉంటాయి, కాదనను. రేటు చదరపు అడుగుల్లో చెప్పరు, అక్షరం ఎత్తు అంగుళానికి ఇంత అని చెబుతారు. ఇంగ్లీషుకి ఆ లెక్క సరిపోతుంది. తెలుగుకి వచ్చేసరికి వత్తు వేరే అక్షరమా, అదే అక్షరమా అని బేరం మొదలవుతుంది. ముందే మాట్లాడుకోండి.

అసలు ఇబ్బంది తర్వాత వస్తుంది. ఇంగ్లీషు అక్షరం చాలావరకు ఒకే ముక్క. తెలుగులో వత్తు విడిగా, ఒక్కోసారి తలకట్టు విడిగా కోసి అతికిస్తారు. పెద్ద ముక్కకి నాలుగు పిన్నులుంటాయి, చిన్న వత్తుకి ఒక్క పిన్నో, కాస్త సిలికానో. నేను పని మీద తరచూ వెళ్ళే ఒక ఆఫీసు గోడ మీద "కార్యాలయం" అని అడుగెత్తు అక్షరాలున్నాయి. ఒక వానాకాలం య వత్తు ఊడి పడిపోయింది. మిగిలింది "కారాలయం". మిరపకాయల గిడ్డంగికి వచ్చామేమో అనిపించేది. ఏడాదిన్నర అలాగే ఉంది, లోపల పనిచేసేవాళ్ళెవరూ పట్టించుకున్నట్టు లేదు.

స్టీలే కావాలంటే రెండు దారులున్నాయి. వత్తు అక్షరానికి తగిలి ఒకే ముక్కగా ఉండే ఫాంటు ఎంచుకోవడం ఒకటి. అక్షరాలన్నిటినీ ముందు ఒక ఏసీపీ పలక మీద బిగించి ఆ పలకని గోడకి పెట్టడం రెండోది. నేను రెండోదే చెబుతాను, పడమటి ఎండకి మెరిసే గోడ మీద మెరిసే స్టీలు ఎలాగూ కనపడదు, వెనకాల ముదురు పలక ఉంటే చదవొచ్చు.

నల్ల గ్రానైటు మీద చెక్కిన అక్షరాల్లో నింపిన రంగు పోయినా గీత మిగులుతుంది, కాబట్టి ఎప్పటికీ మారని పేరుకి మంచిదే. మా దగ్గర దాన్ని శిలాఫలకానికే వాడారు. పార్కు గేటు దగ్గర కమిటీ పెద్దల పేర్లు పదకొండు లోతుగా చెక్కి ఉంటాయి, పార్కు ఎన్నింటికి మూస్తారో పక్కన ఒక ఏ4 కాగితం మీద ఉంటుంది.

రాత్రి కనపడాలంటే

"రేడియం వేయిద్దాం" అనేది మామూలు సలహా. అందరూ రేడియం అనే ఆ స్టిక్కరులో రేడియం ఉండదు. సన్నటి గాజు పూసలో, అతి చిన్న పట్టకాలో ఉంటాయి. వాటి మీద పడ్డ వెలుగు వచ్చిన వైపుకే తిరిగి వెళుతుంది. అందుకే హెడ్‌లైటు వెనకాల కూర్చున్నవాడికి ధగధగలాడుతుంది. అదే బోర్డు ముందు చేతిలో లైటు లేకుండా నడిచే పెద్దాయనకి మామూలు రేకు లాగే చీకట్లో ఉంటుంది. కాబట్టి కాలనీ మలుపు, స్పీడ్ బ్రేకర్, గేటు స్తంభం, వీటికి రేడియం. పార్కులో నడక దారికి, మెట్లకి, టాయిలెట్ బోర్డుకి రేడియం దండగ, ఒక చిన్న బల్బు పైనుంచి పడేలా పెడితే చాలు.

లోపల ఎల్ఈడీలున్న గ్లో బోర్డు ఆసుపత్రికి, మందుల షాపుకి, రాత్రంతా తెరిచి ఉండే చోటికి అవసరమే. మిగతావాళ్ళు ఆలోచించుకోండి. అందులో ముందు పోయేది ఎల్ఈడీ కాదు, దానికి కరెంటిచ్చే డ్రైవరు. వాన నీళ్ళు దిగితే అక్షరం తర్వాత అక్షరం ఆరిపోతుంది. నిచ్చెన వేసి రిపేరు చేసేవాడెవరో తెలియకపోతే దాని జోలికి పోకండి.

స్పీడ్ బ్రేకర్, నో ఎంట్రీ లాంటి రోడ్డు గుర్తులకు సొంత డిజైన్లు వద్దు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 67 నియమావళిలో అవి ఎలా ఉండాలో ఉంది. ఆజ్ఞలకు గుండ్రం, హెచ్చరికకు త్రికోణం, సమాచారానికి దీర్ఘచతురస్రం. జనానికి అలవాటైన ఆకారం ఉండగా మనం కొత్తది కనిపెడితే చదువుకునే భారం వాళ్ళ మీద పడుతుంది.

అక్షరం ఎంత, మాట ఏది

బోర్డుల పనివాళ్ళ లెక్క ఒకటుంది: పదడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. ఇరవై అడుగుల నుంచి చదవాలంటే రెండంగుళాలు, వంద అడుగుల నుంచి కమాన్ పేరు చదవాలంటే పదంగుళాలు. ఇది ఇంగ్లీషు పెద్ద అక్షరాలు చూసి వేసిన లెక్క. తెలుగులో పైన గుడి, కింద వత్తు పోగా అసలు అక్షరానికి మిగిలే చోటు తక్కువ. నేను ఒకటిన్నర రెట్లు వేస్తాను, ఇరవై అడుగులకు మూడంగుళాలు, అదీ వత్తు కలపకుండా కొలిచి. డిజైనర్లు రెండు భాషలకీ ఒకే సైజు నంబరు పెట్టేసి వదిలేస్తారు, తెలుగు చిన్నగా నక్కి కూర్చుంటుంది. వరుసల మధ్య కూడా ఎక్కువ ఖాళీ అడగండి, లేకపోతే పై వరుస వత్తు కింది వరుస గుడికి తగులుకుంటుంది.

ఫాంటు విషయానికొస్తే, మరీ లావు అక్షరాలు దూరానికి పూడిపోతాయి. ప, వ, మ ఒకేలా కనిపిస్తాయి, థ పొట్టలో చుక్క ఉందో లేదో తెలియదు. నోటో సాన్స్ తెలుగు, మండలి లాంటి సాదా ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి. లక్కిరెడ్డి లాంటి చేతిరాత వాటం పెళ్ళి పత్రికకి బాగుంటుంది, ఆసుపత్రి కారిడార్లో కాదు.

అచ్చుతప్పులకు కారణం చాలాసార్లు మన వాట్సాప్ మెసేజే. మనం ఫోనులో కొట్టేది యూనికోడ్, చాలా డీటీపీ షాపుల్లో అలవాటు "అను" అనే పాత రకం ఫాంట్లు. పాత సాఫ్ట్‌వేర్లో మన మెసేజి అతికిస్తే వత్తులు ఊడి పక్కన కూర్చుంటాయి. అందుకని వాళ్ళు మళ్ళీ టైపు చేస్తారు, తప్పులు అక్కడే దొర్లుతాయి. చిక్కడపల్లిలో నేను పని చేయించే షాపులో పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వాళ్ళకి నచ్చదు. ప్రూఫు ఫోనులో చూసి ఓకే అనకండి, కాగితం మీద తీయించండి. వీలైతే అసలు సైజులోనే ఏ3 కాగితాలు అతికించి గోడకి పెట్టి, చదవాల్సిన చోట నిలబడి మీ ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించండి.

మాటల ఎంపికలో మనవాళ్ళకి గ్రాంథికం మీద ఎందుకో ప్రేమ. "నిష్క్రమణ" అని రాస్తారు, "బయటికి దారి" అంటే సరిపోయేది. "వాహనములు నిలుపరాదు" కన్నా "బండ్లు పెట్టొద్దు" త్వరగా తగులుతుంది. మా గేటు పక్క గోడ మీద "ఇక్కడ బండ్లు పెట్టొద్దు" అని రాయిస్తే జనం ఆ గోడ వదిలి సరిగ్గా గేటుకి అడ్డంగా పెట్టారు. అడిగితే "బోర్డు అక్కడుంది కదా సార్, ఇక్కడ కాదు" అన్నాడొకాయన, అతనన్నదాంట్లో తప్పేం లేదు. "ఈ గేటు ముందు బండి పెట్టొద్దు" అని మార్చాం.

పొగతాగరాదు బోర్డుకి మాత్రం మాట మన ఇష్టం కాదు. కేంద్రం 2008లో తెచ్చిన నిబంధనల ప్రకారం బోర్డు కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి, ఇక్కడ పొగతాగడం నేరమన్న మాట ఉండాలి, ప్రతి ప్రవేశం దగ్గరా పెట్టాలి. షాపులో రెడీమేడుగా దొరికే చిన్న స్టిక్కరు దానికి సరిపోదు.

ఒక భాషా, రెండా, మూడా

తెలంగాణలో 2017 నుంచి రాష్ట్రమంతటా ఉర్దూ రెండో అధికార భాష. అపార్ట్‌మెంటు వాచ్‌మన్, డెలివరీ కుర్రాడు హిందీ చదివేవాళ్ళు కావచ్చు. అందరికోసం నాలుగు భాషలూ ఒకే రేకు మీద ఎక్కిస్తే ఎవరికీ కనపడని సైజుకి దిగుతాయి. రైల్వేవాళ్ళు పసుపు మీద నలుపుతో అన్ని భాషలూ రాయగలుగుతున్నారంటే వాళ్ళ బోర్డు గోడంత ఉంటుంది, రాసేది ఊరి పేరు ఒక్కటే.

మామూలు చోటికి తెలుగు, ఇంగ్లీషు, ఒక బొమ్మ చాలు. టాయిలెట్, తాగునీరు, లిఫ్టు, మెట్లు లాంటివాటికి బొమ్మే ముందు. అమెరికాలో 1974లోనూ 1979లోనూ రవాణా శాఖ కోసం గీయించిన యాభై గుర్తులు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, విమానాశ్రయాల్లో మీరు చూసే మనిషి బొమ్మల్లో చాలావరకు ఆ కుటుంబానివే. మీసం ఒక తలుపుకీ, గాజులు ఒక తలుపుకీ పెట్టే హోటళ్ళ సరదా ఆసుపత్రికి పనికిరాదు. ఉర్దూ చదివేవాళ్ళు ఎక్కువగా ఉన్న బస్తీ అయితే మూడో భాష పెట్టాల్సిందే. నస్తాలీఖ్ రాత పైనుంచి కిందికి ఏటవాలుగా దిగుతుంది, దానికి ఎత్తు ఎక్కువ కావాలి. ఆ భాష తెలియని షాపులో చేయిస్తే అక్షరాలు కలవకుండా విడివిడిగా పడే ప్రమాదముంది. ఛత్తా బజార్‌లో రాయించుకుంటే ఆ బాధ ఉండదు.

చూపు సరిగా లేనివాళ్ళకోసం 2016 వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక ఆఫీసుల్లో బ్రెయిలీ పలకలు కనపడుతున్నాయి, మంచిదే. వాటిని తలుపు మీదే బిగిస్తున్నారు. తడిమి చదివే మనిషి వేళ్ళ మీదికి లోపలివాళ్ళు తలుపు తోస్తే? గొళ్ళెం వైపు గోడ మీద, నాలుగున్నర ఐదడుగుల మధ్య ఎత్తులో పెట్టించండి.

డబ్బు తక్కువగా ఉంటే మలుపుల దగ్గరి బాణం రేకులు ముందు చేయించి, కమాన్ పేరు వచ్చే ఏడాదికి వదిలేయండి. రోడ్డు పక్క పైపు పాతాలంటే మున్సిపల్ అనుమతి అడగాలి, కాలనీ లోపలైతే కనీసం కేబుళ్ళు, నీళ్ళ పైపు ఎక్కడున్నాయో లైన్‌మన్‌ని అడిగి తవ్వించండి. మేము అడగలేదు, ఒక పూట మూడు గల్లీలకు నీళ్ళు రాలేదు. పని అయ్యాక బిల్లుతో పాటు డిజైన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి, లేకపోతే ఒక్క అక్షరం మార్చాలన్నా ఆ షాపుకే వెళ్ళాలి. స్టీలు అక్షరాలు చేయిస్తే వత్తులన్నీ రెండో జత కోయించి బీరువాలో పెట్టుకోండి.